‘పొద్దున్నే వచ్చిన చేపండి’ అంటే మాత్రం వద్దనండి

ప్రశ్న: మాది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. వరి, కొబ్బరి మా వ్యవసాయం. అబ్బాయి, కోడలు కాకినాడలో ఉంటారు. కోడలు హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన పిల్ల, మంచిది. వచ్చే నెల మా పెళ్లిరోజుకి అందరినీ వాళ్ల వీధి చివర కొత్తగా పెట్టిన సుషి హోటల్‌కి తీసుకెళ్తానంటోంది. నాలుగు బల్లల చిన్న హోటలట, పెద్ద ఖరీదేం కాదత్తయ్యా అంటోంది. మెనూ ఫొటో పంపితే అందులో సగం పేర్లు నాకు నోరు తిరగలేదు. మీకూ పంపుతున్నాను. పచ్చి చేప పెడతారని మా పక్కింటావిడ చెప్పింది. పులుసు కాస్త పలచబడితేనే కంచం జరిపేసే మనిషి మావారు, పైగా బీపీ. మా అత్తగారు కాశీ వెళ్లొచ్చినప్పటి నుంచి నీసు ముట్టరు. పుల్లలతో తినాలట, నలుగురిలో నవ్వులపాలవుతామేమో. రామంటే కోడలు చిన్నబుచ్చుకుంటుంది. అసలే ఇప్పుడు మూడో నెల, బాధపెట్టడం ఇష్టం లేదు. ఏం చేయమంటారు?

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం నవ్వుకుంటూ మొదలుపెట్టాను. చివరికొచ్చేసరికి నవ్వు ఆగింది. మీవారి గురించి, అత్తగారి గురించి, పుల్లల గురించి అంత బెంగపెట్టుకుని, అసలు సంగతి మాటవరసకు అన్నట్టు ఆఖర్న రాశారు. ఆ బల్ల చుట్టూ కూర్చోబోయే అయిదుగురిలో పచ్చి చేప ముట్టకూడని మనిషి ఎవరంటే మీ కోడలే.

కడుపుతో ఉన్నవాళ్లు పచ్చి చేప, సరిగా ఉడకని రొయ్య తినకూడదని డాక్టర్లు ఊరికే చెప్పరు. ఆ రోజుల్లో రోగాన్ని తట్టుకునే శక్తి కాస్త తగ్గి ఉంటుంది. మనకు రెండు రోజుల విరేచనాలతో పోయేది ఆమెకు లోపలి బిడ్డ దాకా వెళ్లొచ్చు. లిస్టీరియా అనే బాక్టీరియా ఒకటుంది, అది ఫ్రిజ్ చలిలో కూడా పెరుగుతుంది. అందుకే ‘చల్లగానే పెట్టామండి’ అన్న మాట దాని ముందు చెల్లదు. అలాగని చేప మాన్పించకండి. ఉడికిన చేప ఆమెకు మంచిదే. సొరచేప, కొమ్ముకోనం లాంటి పెద్ద వేట చేపల్లో పాదరసం పోగుపడుతుంది కాబట్టి వాటిని పక్కన పెడితే చాలు. ట్యూనా సంగతి ఆమె చూపించుకునే డాక్టర్నే అడగమనండి.

చదువుకున్న పిల్ల, ఇదంతా ఆమెకు ఈపాటికే తెలిసి ఉండొచ్చు. ఉడికినవే తిందామని పిలిచి ఉండొచ్చు కూడా. సుషి అనగానే పచ్చి చేప అన్నది మీ పక్కింటావిడ గానీ కోడలు కాదు కదా. అందుకని ‘కడుపుతో ఉన్నదానివి, పచ్చి చేపలేంటి’ అని మొదలుపెట్టకండి. ఫోన్ చేసి, ‘అమ్మాయ్, నాకు పచ్చివంటే భయం. నువ్వూ నేనూ ఉడికినవే తిందాం, ఏమేం ఉంటాయో చూసి పెట్టు’ అనండి. పిరికితనం మీ మీద వేసుకోండి, మీకు పోయేదేం లేదు. ఆమె ఇంకా డాక్టర్ని అడగకపోయి ఉంటే ఆ మాటతోనే అడుగుతుంది.

వేవిళ్లప్పుడు చింతకాయో మామిడికాయో అడగాల్సిన పిల్లకు ఈ సుషి ఏమిటా అని మీకు అనిపించి ఉంటే, ఆమె మనసు వెళ్లిందీ పులుపు మీదికే. సుషి అనే మాట జపాన్ వాళ్ల పాత భాషలో పులుపును చెప్పే మాట నుంచి వచ్చింది. వెనిగర్, పంచదార, ఉప్పు కలిపిన అన్నమే అసలు సరుకు. మన లెక్కలో తాలింపు లేని పులిహోర. దాని మీద చేప ముక్క పెట్టినా, లోపల కీరదోస పెట్టినా, గుడ్డట్టు ముక్క పెట్టినా సుషే. అన్నం లేకుండా ఒట్టి పచ్చి చేప ముక్కలు పెడితే దానికి సషిమి అని వేరే పేరుంది.

మొదట్లో దీని కథ ఇంకా వింత. ఉప్పు పట్టించిన చేపను అన్నంలో పూడ్చి నెలల తరబడి పులియబెట్టేవారు. చేప తిని, అన్నం పారేసేవారు. ఈ ముక్క మీవారి చెవిన వేయకండి, అసలు రానంటారు. తర్వాత్తర్వాత అన్నమూ తినడం మొదలుపెట్టారు, ఆ పైన అంతకాలం ఆగే ఓపిక లేక పులుపు కోసం వెనిగర్ కలిపేశారు. 1820ల్లో, అప్పట్లో ఎదో అనే పేరున్న టోక్యోలో హనాయా యోహేయ్ అనే ఆయన, చేత్తో నొక్కిన అన్నం ముద్ద మీద చేప పెట్టి అమ్మి పేరు తెచ్చుకున్నాడంటారు. ఆ కాలంలో అది బండి మీద తిండి. పనివాళ్లు నిలబడి చేత్తో నాలుగు ముద్దలు తిని పోయేవారు. 1958లో ఒసాకా వైపు షిరాయిషి యోషియాకి అనే హోటలాయన, బీరు ఫ్యాక్టరీలో సీసాలు బెల్టు మీద కదిలిపోవడం చూసి తన హోటల్లో ప్లేట్లను కూడా అలాగే తిప్పాడు. వడ్డించే మనుషుల ఖర్చు తగ్గి, సుషి చవకైంది. కాబట్టి వీధి చివర నాలుగు బల్లల హోటలంటే మీరేమీ తక్కువ చోటుకి వెళ్తున్నట్టు కాదు, అది పుట్టిందే అలాంటి చోట.

ఇక మిగతావాళ్లు పచ్చిది తినొచ్చా అన్న ప్రశ్న. ఇక్కడే మన గోదావరి వాళ్ల తెలివి మనకే అడ్డం తిరుగుతుంది. మనం మొప్ప ఎత్తి ఎరుపు చూస్తాం, కన్ను చూస్తాం, వేలితో నొక్కి గుంట పడుతుందేమో చూస్తాం. ఐసులో పెట్టిందంటే బేరం సగానికి కోస్తాం. పులసల కాలంలో పడవ ఒడ్డుకు రాకముందే చేయి చూపించి ఖాయం చేసుకునే జనం మనం. తాజాదనం తప్ప ఇంకో పరీక్ష ఉంటుందని మనకు తోచదు.

నాకూ తోచలేదు. నాలుగేళ్ల కిందట, మన వైపే ఒక టౌన్లో ఇలాంటి చిన్న హోటల్లో కూర్చున్నాను. ఏం చేప బాబూ అని అడిగితే, ‘పండుగప్పండి, మన చెరువుదే, పొద్దున్నే వచ్చింది, ఫుల్ ఫ్రెష్’ అన్నాడు కుర్రాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక ప్లేటు చాలదని రెండోది చెప్పాను. ముక్క తెల్లగా, గాజులా మెరుస్తోంది, రుచికి వంక పెట్టలేను. అన్నం మాత్రం ఫ్రిజ్‌లోంచి తీసింది, మెతుకు బిరుసుగా ఉంది. ఆ రాత్రి మొదలుకొని రెండున్నర రోజులు మజ్జిగ తేట, ఓఆర్ఎస్ మీద బతికాను. చేప వల్లో, కోసిన పీట వల్లో, అన్నం వల్లో చెప్పలేను. కానీ ఆ కుర్రాడు నాకు అబద్ధం చెప్పలేదు. వచ్చిన చిక్కల్లా అదే, నిజంగానే పొద్దున వచ్చిన చేప అది.

కూరకు తాజా చేప కావాలి. పచ్చిగా తినడానికి బాగా గడ్డకట్టించిన చేప కావాలి. చేప కండలో పురుగు పిల్లలు ఉండొచ్చు. మరిగే పులుసులో అవి బతకవు కాబట్టి తరతరాలుగా మనకు వాటి గొడవే లేదు. ఉడికించకుండా తినాలంటే వాటిని చంపాల్సింది చలే. మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు, లేదా మైనస్ 35లో గడ్డకట్టాక 15 గంటలు ఉంచాలని అమెరికాలో ఆహార భద్రత చూసే శాఖ చెబుతుంది. జపాన్ వాళ్లు కూడా దూర సముద్రాల్లో పట్టిన ట్యూనాను పడవలోనే మైనస్ 60 దాకా గడ్డకట్టించి తెచ్చుకుంటారు. మన ఇళ్లలో ఫ్రీజరు మైనస్ 18 దగ్గర ఉంటుంది, అదీ కరెంటు ఉన్నంతసేపు, ఐసుముక్కల కోసం పూటకు పదిసార్లు తలుపు తీయకపోతేనే. అందుకని కోడలు తెచ్చిన సరదాతో ఇంట్లో మాత్రం ప్రయోగాలు చేయకండి. నిమ్మకాయ పిండినా, వెనిగర్లో ముంచినా ఆ పురుగులు చావవు. ఇంకోటి, చలి పురుగును చంపుతుంది గానీ బాక్టీరియాను చంపదు, కదలకుండా పడుకోబెడుతుంది అంతే. కరిగాక మళ్లీ లేస్తుంది.

సాల్మన్ అనే చేప సంగతి చెబితే మీ ఊళ్లో రొయ్యల చెరువుల వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. పురుగు భయంతో జపాన్ వాళ్లు తమ సముద్రంలో దొరికే సాల్మన్‌ను పచ్చిగా తినేవారు కాదు. 1980ల్లో నార్వే వాళ్లు, మేము వలల్లో పెంచి మేత వేసిన చేప ఇది, దీనికా బెడద లేదు అని చెప్పి ఏళ్ల తరబడి వెంటపడి అలవాటు చేశారు. మేత తెలిసిన చేప, ఎక్కడ పెరిగిందో తెలిసిన చేప. ఇప్పుడు సుషి అనగానే అందరూ తలచుకునే ఆ నారింజరంగు ముక్క జపాన్‌లో కూడా నిన్నమొన్నటిదే.

కాబట్టి హోటల్లో మీ అబ్బాయిని రెండు ప్రశ్నలు అడగమనండి. ఈ చేప గడ్డకట్టించి వచ్చిందేనా, ఎక్కడి నుంచి తెప్పిస్తారు? కరెంటు పోతే ఫ్రీజరుకు జనరేటరు ఉందా? తడుముకోకుండా జవాబొస్తే, అబ్బాయికి సరదా ఉంటే ఒక సాల్మన్ ప్లేటు తింటాడు. ‘పొద్దున్నే మార్కెట్ నుంచి తెచ్చామండి’ అంటే, నాయనా అయితే వేయించి పెట్టు అనండి. కొరమీను, బొచ్చె, శీలావతి, ఏ చెరువు చేపైనా పచ్చిగా పెడితే నవ్వుతూ పక్కకు జరపండి. మంచినీటి చేపల నుంచి కాలేయానికి పట్టే పురుగులు వస్తాయి. మీరూ మీవారూ అయితే మొదటిసారికి పచ్చి దాని జోలికే వెళ్లొద్దని నా సలహా. భయపడుతూ మింగిన ముద్ద ఎంత మంచిదైనా లోపల కుదురుగా ఉండదు.

మీరు పంపిన మెనూ చూశాను. కప్పా మాకి, 6 ముక్కలు, 160 రూపాయలు. ఇది చూసి మీవారు లేచి వెళ్లిపోతారేమో, ముందే చెప్పండి, మన కప్పకూ దానికీ సంబంధం లేదు. కప్పా అంటే వాళ్ల కథల్లో నీళ్లలో ఉండే ఒక భూతం, దానికి కీరదోస అంటే ప్రాణమట. ఆ పేరుతో మీ ముందుకొచ్చేది అన్నంలో కీరదోస ముక్క పెట్టి, నల్లటి ఆకులో చుట్టిన రోల్. ఆ నల్లటిది నోరి, సముద్రపు నాచును కాగితంలా ఆరబెట్టింది. పూతరేకు మడిచేవాళ్లను చూశారుగా, తడి తగిలితే మెత్తబడిపోతుందని ఎంత గబగబా మడుస్తారో. దీనికీ అంతే. చుట్టగానే తింటే కరకరమంటుంది, పావుగంట ఆగితే సాగుతుంది. అన్నీ ఒకేసారి చెప్పి బల్ల నింపుకోకండి, ఒకటి అయ్యాక ఒకటి చెప్పండి.

ప్రాన్ టెంపురా రోల్ 8 ముక్కలు 320 అని ఉంది, మీకూ కోడలికీ అదే మంచిది. పిండిలో ముంచి వేయించిన రొయ్య, మన బజ్జీకి సన్నటి చెల్లెలు. పోర్చుగీసు వాళ్ల దగ్గర జపాన్ నేర్చుకున్న వంట అంటారు. రొయ్య వేడివేడిగా, లోపలిదాకా ఉడికి ఉండాలి, అదొక్కటీ చూసుకోండి. కాలిఫోర్నియా రోల్‌లో పీత ఉంటుందని రాశారు గానీ చిన్న హోటళ్లలో వేసే క్రాబ్ స్టిక్‌లో పీత దాదాపు ఉండదు. తెల్ల చేపను రుబ్బి, రంగు పూసి, ఉడికించి పుల్లలుగా చేసింది. తినొచ్చు. పైన చల్లే చిన్న చిన్న నారింజ పూసలు చేపగుడ్లు, పచ్చివే. కోడలి ప్లేటులో అవి వద్దనండి. మయొనైజ్ ప్యాకెట్‌దేనా, పచ్చిగుడ్డుతో అక్కడే గిలక్కొట్టిందా అని కూడా అడగండి. సాల్మన్ నిగిరి, అంటే చేత్తో నొక్కిన అన్నం ముద్ద మీద పచ్చి సాల్మన్ ముక్క, రెండే ముక్కలు 300. అది అబ్బాయికి, అదీ పై ప్రశ్నలు దాటాక.

అన్నం చూసే పని మీవారికి అప్పజెప్పండి, ఆయనకంటే బాగా ఎవరు చూస్తారు. కొత్త బియ్యం వండితే ముద్దయిపోతుందని మనం తిట్టుకుంటాం, పాతవే కావాలంటాం. స్వర్ణ అయినా సోనా మసూరి అయినా మెతుకు మెతుకు విడివిడిగా ఉంటేనే మనకు అన్నం. సుషికి కావాల్సింది ఆ ముద్దే. పొట్టిగా, గుండ్రంగా ఉండి ఒకదానికొకటి అంటుకునే బియ్యం వాళ్లవి. అయితే ముద్దలో కూడా మెతుకు చితకకూడదు, పట్టుకుంటే నిలవాలి, నోట్లో పెట్టగానే విడిపోవాలి. ముఖ్యంగా అది ఫ్రిజ్ చల్లదనంతో రాకూడదు, ఒంటి వెచ్చదనంతో ఉండాలి. మొదటి ప్లేటు అన్నం చల్లగా, బిరుసుగా ఉందంటే పొద్దున చేసి పెట్టుకున్నారన్నమాట. అలాంటి చోట ఇక పచ్చి చేప గురించి ఆలోచించే పనే లేదు, అబ్బాయికైనా సరే. నేను ఆ రోజు అన్నం చెప్పిన మాట వినలేదు.

బీపీకి వచ్చే ముప్పు చేప కంటే పక్కన పెట్టే సోయా సాస్‌తో. ఒక పెద్ద చెంచాడు సాస్‌లో 900 మిల్లీగ్రాముల దాకా సోడియం ఉంటుంది. రోజు మొత్తానికీ 2000 మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మనవాళ్లు దాన్ని పప్పుచారులా గిన్నెనిండా పోసుకుని అన్నం నానబెడతారు. గిన్నె అడుగు తడిసేంత పోసి, ముక్క అంచు మాత్రం అద్దమనండి. అన్నం వైపు అద్దితే పీల్చేసి, విడిపోయి గిన్నెలో పడుతుంది కూడా.

పక్కన ఆకుపచ్చ ముద్ద పెడతారు, వాసాబి. చిన్న హోటళ్లలో అసలు వాసాబి ఉండదు, ముల్లంగి జాతి దుంపా ఆవపిండీ ఆకుపచ్చ రంగూ కలిపింది ఉంటుంది. దాని ఘాటు నాలుక మీద కాదు, ముక్కులో. మీకిది కొత్తేం కాదు, పనసపొట్టు కూరకు ఆవ పెట్టినప్పుడు నెత్తికెక్కేది అదే. ఆవగింజంత తీసుకుంటే చాలు. ఊరవేసిన అల్లం ముక్కలు రోల్ మీద పెట్టుకునేవి కావు, ఒక రకానికీ ఇంకో రకానికీ మధ్య నోరు శుభ్రం చేసుకోవడానికి.

పుల్లల సంగతి వదిలేయండి. సుషిని చేత్తో తినడం జపాన్‌లోనే తప్పు కాదు, కాకినాడలో ఎవరు నవ్వుతారు? ఒక్కో ముక్క ఒక్కో ముద్ద, కొరకకుండా నోట్లో పెట్టుకోవాలి. ముద్ద చేసి తినడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

మీ అత్తగారి దగ్గర మాత్రం నాకు ధైర్యం చాలడం లేదు. పైకి చూస్తే కీరదోస రోల్, అవకాడో రోల్ శాకాహారమే. కానీ అదే కత్తి, అదే పీట, అదే వెదురు చాప. మిసో సూప్ సోయాతో చేసేదే అయినా ఆ నీళ్లలో సాధారణంగా ఎండు చేప మరిగించి ఉంటారు. టోఫు అంటే సోయా పాలతో చేసే పన్నీరు లాంటిది, దాని సంచిలో అన్నం కూరిన ఇనారి మెనూలో ఉంది, ఆ టోఫునూ చాలాచోట్ల ఆ నీళ్లలోనే ఉడికిస్తారు. ఇవన్నీ దాటినా నోరి దగ్గర ఆగిపోతుంది. అది నాచే, అయినా మూతి దగ్గరకు తేగానే సముద్రం వాసన కొడుతుంది. కాశీలో వదిలేసొచ్చిన మనిషికి అది నీసు వాసనే. ‘ఇది నీసు కాదత్తయ్యా’ అని ఆవిడ చేత బలవంతంగా తినిపించకండి. ఏం పెడతారో, ఎలా చేస్తారో ఉన్నదున్నట్టు చెప్పి ఆవిడనే తేల్చుకోమనండి. రానంటే, పెళ్లిరోజు పొద్దున అందరూ ఇంట్లో ఆవిడతో కలిసి భోజనం చేసి, సాయంత్రం మీరు నలుగురూ వెళ్లండి. వస్తానంటే ఆవిడకో కొబ్బరిబోండాం చెప్పించండి, పక్కన కూర్చుని మిమ్మల్ని చూసి నవ్వుకుంటారు. జపాన్‌లో సొరకాయను సన్నగా రిబ్బన్లలా కోసి, ఎండబెట్టి, ఉడికించి రోల్‌లో చుడతారు, కంప్యో అంటారు. మన ఒరుగుల్లాంటివే. అది ఈ మెనూలో లేకపోవడం నాకు ఆవిడ తరఫున కొంచెం బాధగానే ఉంది.

బిల్లు కోడల్నే కట్టనివ్వండి. మీ ధరల ప్రకారం నాలుగు రోల్స్, ఒక నిగిరి, సూపులు కలిపి రెండు వేలకు అటూ ఇటూ అవుతుంది. ఆ కాగితం చూసి ‘ఈ డబ్బుతో ఎన్ని కేజీల రొయ్యలొచ్చేవో’ అన్న మాట మీ నోటి చివరి దాకా వస్తుంది, నాకు తెలుసు. ఆ మాటను అల్లం ముక్కతో పాటు నమిలేయండి.

వెళ్లేది సాయంత్రం హోటల్ తెరవగానే వెళ్లండి, అన్నం అప్పుడే కలిపి ఉంటారు. ఇంకొక్కటి. ఎనిమిది ముక్కల రోల్‌లో ఉండే అన్నం దగ్గర దగ్గర కప్పుడు, అయినా మీవారికి అది భోజనం కింద లెక్కకు రాదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే పెరుగన్నం అడుగుతారు. బయల్దేరే ముందే పాలు తోడేసి వెళ్లండి.